బాలింత ఇంట్లో బొమ్మ బిస్కెట్లు

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా లాస్యను విమానం ఎక్కొద్దని డాక్టరు అన్నాడు కాబట్టి పుట్టిల్లే తెనాలిలో సూట్‌కేసు సర్దుకుని ఇంగ్లండులో ఈ స్లౌ ఊరికి వచ్చింది. పుట్టిల్లంటే నేనే. సూట్‌కేసులో సగం సొంటి, పిప్పళ్ళు, మిరియాలు, నల్లబెల్లం. మనవరాలు పుట్టగానే బాలింతకాయం చేసి, నేతితో ఉండలు కట్టి డబ్బాకెత్తాను.

ఏం లాభం? లాస్య ఒక్క ఉండ నోట పెట్టదు. అన్నం కెలికి వదిలేస్తుంది. నవ్వదు, ఏడవదు, కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి క్రిస్మస్ దీపాలు చూస్తుంటుంది. ఇక్కడి డాక్టరు క్లినిక్కు నుంచి వచ్చిన నర్సు కొంచెం టైమివ్వండి అని చెప్పి వెళ్ళింది. టైము తింటే పాలు పడతాయా? పైకి విసుక్కుంటున్నానే గాని లోపల నాకు భయంగానే ఉంది. కళ్ళ ముందే నా కూతురు చిక్కి సగమైపోతోంది.

ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి బ్రిజెట్ రేకు డబ్బా తెచ్చిచ్చింది. పెద్దావిడ, ఒంటరి మనిషి. జింజర్ బ్రెడ్ బిస్కెట్లట, వాళ్ళమ్మ చేసినట్టే ఏటా పండక్కి చేస్తుందట. నవ్వుతూ థాంక్యూ చెప్పి తలుపేసి, మూత తీసి చూద్దును కదా, కళ్ళూ నోరూ గుండీలూ పెట్టిన మనుషుల బొమ్మలు. పసిగుడ్డు ఉన్న ఇంట్లో మనిషి బొమ్మ తల కొరికి తింటారా ఎవరైనా? పైగా పచ్చి బాలింతకు పైతిండి. అల్లుడు ఆఫీసునుంచి వచ్చాక మర్నాడు తన ఆఫీసువాళ్ళకిచ్చేయమందామని, డబ్బా తీసుకెళ్ళి మేడమీద నీళ్ళు కాచే బాయిలరున్న అలమరలో దాచాను.

ఆ అలమర వెచ్చగా ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. సాయంత్రానికి వాసన మేడంతా కమ్ముకుంది. నేను ఉయ్యాల దుప్పట్లు మడతపెడుతుంటే లాస్య పిల్లనెత్తుకుని గది బయటికి వచ్చింది. తనంతట తాను లేచి రావడం అదే మొదలు.

"అమ్మా, ఏం స్మెల్ ఇది? అచ్చం అమ్మమ్మ గదిలోకి వచ్చినట్టుంది."

నా చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. నిజమే. సొంటి, లవంగం, దాల్చినచెక్క, కాగిన బెల్లం. మా అమ్మ కొంగు నిండా అదే వాసన. చలికాలం పొద్దున్నే నన్ను లేపి, సొంటీ బెల్లం కలిపిన ముద్ద అరచేతిలో పెట్టి, మింగిందాకా ఎదురుగా నిలబడేది. వీధిలో ఎవరు ప్రసవించినా మా అమ్మే కాయం దంచాలి. ఆషాఢంలో అమ్మ పోయింది. కడుపుతో ఉండగా మంచం దిగొద్దన్నారని లాస్య అంతా ఫోనులోనే చూసింది. నేను పెద్దకర్మ కాగానే వీసా పనుల్లో పడ్డాను.

డబ్బా తీసి చూపించాను. లాస్య ఒక బొమ్మ తీసుకుంది.

"తల కొరకమాకే, పసిపిల్ల చూస్తంది."

"సరే, కాలు తింటాలే" అంది. పెదవి కొంచెం కదిలింది.

కాలు అయింది, రెండో కాలూ అయింది. నాకు ఒళ్ళు మండింది. అదే సొంటి, అదే బెల్లం. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

"అదేగదే నేను ఇన్నాళ్ళబట్టి నీ నోట్లో పెడతంటే మూతి తిప్పుకుంటన్నావు. నాది మందూ, ఆవిడది మిఠాయా?"

లాస్య నమలడం ఆపింది. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా రాలాయి.

"నా పురుటికి కాయం తనే దంచుతానంది కదమ్మా అమ్మమ్మ. నువ్వు చేసింది తింటే ఇంక తను లేదని ఒప్పుకున్నట్టే కదా. నావల్ల కావట్లా."

లాస్య పక్కన కూర్చుని వీపు నిమిరాను. అది తనివితీరా ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, కింద నుంచి ఆ కాయం కూడా తెమ్మంది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"మధ్యాహ్నం నువ్వు తిన్నావా అమ్మా?"

అమ్మ పోయాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. తినలేదని చెప్పాను. లాస్య పిల్లను భుజం మీదకు మార్చుకుని, బొమ్మలో ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టింది. ఆషాఢం నుంచి పనుల్లో పడి ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను.