బోర్డన్న తమ్ముడు

దుప్పటి రెండు మూలలూ పట్టుకుని ఒక్కసారి విదిలించి, వేడి రోలర్ల మధ్యకు వదిలాడు తమ్ముడు. అది అవతలివైపు తేలేలోగా ఇంకొకటి అందుకున్నాడు. ఆస్పత్రి దుప్పట్లు, లాడ్జీ దుప్పట్లు. వాటి మీద ఎవరు పడుకున్నారో, ఎవరు లేచారో, ఎవరు లేవలేదో అతనికి అనవసరం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే లాండ్రీ, ఇదే ఆవిరి. ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి. వేళ్ల కొనలు ఎండాకాలంలో కూడా నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంటాయి.

యాభై ఎనిమిదేళ్ల మనిషిని అందరూ తమ్ముడని పిలవడమేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఫుట్‌బాల్ మైదానంలో స్కోరుబోర్డు దగ్గర నిచ్చెనెక్కి, రేకు అంకెలు మేకులకు తగిలించేవాడు ఇతని అన్న. జీతం లేదు, భత్యం లేదు, ముప్పై నాలుగేళ్లు ఒక్క ఆట తప్పలేదు. ఆయన్ని మైదానమంతా బోర్డన్న అనేది. నిచ్చెన కింద పట్టుకుని నిలబడేవాడు కాబట్టి ఇతను బోర్డన్న తమ్ముడయ్యాడు, పోనుపోను ఉత్త తమ్ముడైపోయాడు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పెళ్లి మాట కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది గానీ, ఇతని నిదానం చూసి విసుగెత్తి వచ్చిన దారినే పోయింది.

జట్టు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మూడో డివిజన్‌లో అట్టడుగున ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఓడినప్పుడల్లా నేల బాగాలేదనో రిఫరీ కళ్లు బాగాలేవనో అంటుంది. ఈ ఏడాది వరసగా పదకొండు ఆటలు ఓడింది. మైదానంలో పాత బోర్డు గాలివానకు కూలితే క్లబ్బు వాళ్లు మళ్లీ నిలబెట్టలేదు. అన్న ఆ చెక్కల్లోంచి ఒక పలక ఇంటికి తెచ్చుకుని, మంచానికి ఎదురుగా గోడకు కొట్టించుకున్నాడు. దానికి రెండు మేకులు. రేకు అంకెలు బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి.

ఎనిమిది నెలలుగా అన్న ఆ మంచం దిగలేదు. ఊపిరితిత్తులు రెండూ చెడిపోయాయి, చెవులు అంతకుముందే మందగించాయి. శనివారం డాక్టరు ఇంక మందులు మార్చి లాభం లేదని వదినతో గుమ్మం బయట నిలబడి చెప్పాడు. లోపల అన్నకు అది తెలియక కాదు. "ఒక్కటి గెలిచారని విని పోతాన్రా" అన్నాడు తమ్ముడితో, ఏదో బజారు సామాను చెప్పినట్టు. ప్రతి ఆదివారం ఆట ముగియగానే తమ్ముడు వెళ్లి, అంకెలు మేకులకు తగిలించి, ఆటంతా మొదటి నుంచి పెద్దగొంతుతో చెప్పాలి. బంతి ఎవరిచ్చారు, ఏ కాలితో కొట్టాడు, గోల్‌కీపర్ ఎక్కడ నిలబడ్డాడు అని అన్న తరచి తరచి అడుగుతాడు. అన్ని అడిగాక చివర్న ఒకటి అడుగుతాడు, చివరిదాకా ఉన్నావా అని. ఈల వెయ్యకముందే లేచినవాడు మనవాడు కాదన్నది అన్న నేర్పిన ఒకే ఒక్క చదువు.

నిన్న తమ్ముడు లేచాడు.

ఇంకా ఎనిమిది నిమిషాలుంది. సున్నా ఒకటి. సన్నగా జల్లు పడుతోంది. మోకాళ్లు సలుపుతున్నాయి. అప్పుడు బెంచి మీద నుంచి పద్నాలుగో నంబరు కుర్రాడు లేచి మైదానంలోకి దిగాడు. వాడు రెండు సీజన్లుగా బెంచి అరగదీయడం తప్ప ఇంకేమీ చేసిన పాపాన పోలేదు. ఇంక వీడొక్కడే తక్కువ అనుకుని తమ్ముడు తలకు తువ్వాలు చుట్టుకుని బస్సెక్కేశాడు. అన్న ఇంటికి వెళ్లి సున్నా, ఒకటి తగిలించాడు. చూసిందంతా చెప్పాడు, చూడని ఎనిమిది నిమిషాలు కల్పించి చెప్పాడు. చివరిదాకా ఉన్నావా అని అన్న అడిగితే ఉన్నానన్నాడు. వానలో కూడానా అన్నాడు అన్న. వానలో కూడా అన్నాడు తమ్ముడు. అన్న అతని చేతిమీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిదింటికి క్లబ్బు సామాన్లు చూసే మనిషి జెర్సీల మూట తెచ్చాడు. ప్రతి సోమవారం ఆ మూటను ఈడ్చుకొచ్చి కౌంటరు కింద పడేసి, మొహం చూపించకుండా పోతాడు. ఇవాళ దాన్ని ఎత్తి కౌంటరు మీద పెట్టాడు. మొహం చేటంతయింది.

"ఏం తమ్ముడూ, అరిచి అరిచి గొంతు పోయిందా? పలకవేం?"

తమ్ముడికి అర్థం కాలేదు.

"రెండు ఒకటి! నాకింకా నమ్మకం కుదరట్లేదనుకో. ఆ పద్నాలుగు వెధవని ముద్దెట్టుకోవాలనిపించింది. నీకోసం చూశాను గానీ ఆ గోలలో కనపడలేదు."

"వెనకాల ఉన్నాను" అన్నాడు తమ్ముడు. నోరు దానంతటదే అనేసింది.

మూట పక్కన పెట్టి మళ్లీ రోలర్ల దగ్గరికి వచ్చాడు. గుండెల్లో ముందు సంతోషమే పొంగింది, లేదనడానికి లేదు. పదకొండు ఓటముల తర్వాత గెలుపు, అదీ అన్న బతికుండగా. ఆ వెనకే మేకుకు వేలాడుతున్న సున్నా గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. దుప్పటి రోలరుకు అడ్డంగా పడి ముడుచుకుపోయింది. సూపర్‌వైజరమ్మ అవతలి నుంచి, కళ్లు నెత్తికెక్కాయా అని కేకేసింది.

ఫోను చేద్దామంటే ఫోను ఇంట్లో ఉంది. ఆవిరికి ఒకటి పాడయ్యాక పనికి తేవడం మానేశాడు. ఎవరిదైనా అడిగి చేసినా అన్నకు వినపడదు. వదినకు చెబితే, గెలిచారట అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పాపం ఆవిడకు ఆటంటే ఏమిటో తెలియదు. ఈ కబురు తను చెప్పాల్సింది. మరి నిన్న ఓడిపోయారని చెప్పిన నోటితో ఇవాళ గెలిచారని ఎలా చెప్పడం? దుప్పటి తర్వాత దుప్పటి వదులుతూ ఆలోచించి, పదకొండింటికి ఒక ఉపాయం పట్టాడు. నిన్న ఆటపట్టించానన్నా అనాలి. నవ్వాలి. ఆ తర్వాత రెండు గోల్సూ కళ్లకు కట్టినట్టు చెప్పాలి. చెప్పాలంటే తెలియాలి.

ఒంటిగంటకు భోజనం గంట మోగింది. ముప్పావుగంట విరామం. గేటు దాటి ఎడమకు తిరిగితే పది నిమిషాల్లో అన్న ఇల్లు. కుడికి తిరిగితే టీకొట్టు, అక్కడ సోమవారం మధ్యాహ్నం మైదానం మనుషులు చేరతారు. తమ్ముడు గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏమీ తెలియకుండా వెళితే అన్న రెండు ప్రశ్నల్లో పట్టేస్తాడు. సాయంత్రం ఎలాగూ వెళ్లేదే కదా అనుకున్నాడు. కుడికి తిరిగాడు.

టీకొట్టులో పెళ్లివారి సందడిలా ఉంది. ఎలక్ట్రీషియన్, దర్జీ, రిటైరైన పోస్టుమాన్, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. గోల్‌కీపర్‌ను వీళ్లు తలుపు అంటారు, ఎవరు తోసినా తెరుచుకుంటాడు కాబట్టి. ఆ తలుపు కూడా నిన్న ఒకటి ఆపాడట. దర్జీ మాత్రం అది ఆపడం కాదు, బంతే వెళ్లి వాడికి తగిలిందన్నాడు. ఎడమవైపు ఆడే పొట్టివాడికి పరుగు వచ్చుగానీ ఎటు పరుగెత్తాలో రాదని ముగ్గురూ ఒప్పుకున్నారు. మొదటి గోల్ కెప్టెన్‌ది. బళ్లో డ్రిల్లు మాస్టారు కదా, పిల్లల మీద అరిచినట్టు అందరినీ తప్పుకోమని అరిచి, దూరం నుంచి కొట్టాడట. అంతవరకు గొడవ లేదు. పద్నాలుగో నంబరు దగ్గరే పేచీ వచ్చింది. కాలితో కొట్టాడని ఎలక్ట్రీషియన్, తలతో కొట్టాడని పోస్టుమాన్, అసలు కొట్టనే లేదు, జారి పడితే బంతి తగిలి పోయిందని దర్జీ.

"తమ్ముడు చెప్తాడు ఉండండి" అన్నాడు పోస్టుమాన్. "గోల్ వెనకాలే కదా కూచునేది."

ముగ్గురూ అతని వైపు తిరిగారు. తమ్ముడు టీ గుక్క మింగాడు. నాలుక కాలింది.

"ముందువాళ్లు లేచి నిలబడ్డారు. నాకు ఆనలేదు."

"నీకేం ఆనుతుందిలే" అన్నాడు దర్జీ, "ఎప్పుడూ మీ అన్న కాళ్లు చూడటమేగా నీ పని."

అందరూ నవ్వారు, తమ్ముడూ నవ్వాడు. బోర్డన్న ఎలా ఉన్నాడని, ఈ కబురు విని లేచి కూర్చున్నాడా అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. కూర్చున్నాడని చెప్పాడు తమ్ముడు. ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది నేర్పక్కర్లేదు. రెండు టీలయ్యేసరికి గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపించింది. గోల్ సంగతి మాత్రం తేలలేదు.

మధ్యాహ్నం జెర్సీల మూట విప్పాడు. మరకలు చూసి, నానబెట్టాల్సినవి వేరుచేయడం పాతకాపుగా అతని పని. ఎన్ని ఆదివారాల ఆటలు ఈ బల్ల మీద మళ్లీ చదివాడో లెక్కలేదు. తలుపు చొక్కా వెనకవైపు ఎప్పట్లాగే తెల్లగా ఉంది, మనిషి కింద పడితేగా. పొట్టివాడిది చెమటతో ఉప్పు కట్టింది. కెప్టెన్ కుడి భుజం మీద ఎవరివో అయిదు వేళ్ల బురద. గోల్ కొట్టాక ఎవరో పట్టుకుని ఊపేసి ఉంటారు.

పద్నాలుగు అన్నిటికంటే అడుగున ఉంది. ఎనిమిది నిమిషాలు ఆడిన చొక్కా. వీపు శుభ్రంగా ఉంది. ముందువైపు మెడ నుంచి కిందిదాకా బురద, ఆ బురద మీద ఛాతీకి అడ్డంగా బెత్తెడు వెడల్పున తెల్లటి చార. తమ్ముడు వేలితో రాసి చూశాడు. సున్నం. గోల్ గీతకు పోసే తడి సున్నం. చార సరిగ్గా ఛాతీ మీది నంబర్లో ఒకటికీ నాలుగుకూ మధ్య చెదిరి, గుండ్రంగా బంతి అచ్చు పడి ఉంది.

కాలితో కాదు, తలతో కాదు. కుర్రాడు గీత మీదికి బోర్లా దూకి, బంతిని గుండెతో తోశాడు. బంతితో పాటు తనూ లోపలికి పోయాడు.

తమ్ముడికి అంతా కనిపించింది. వాన, గీత, బోర్లా పడ్డ కుర్రాడు, లేచి అరుస్తున్న జనం. చూసినవాళ్లకే తెలియనిది ఇవాళ తనకొక్కడికే తెలుసు. ఆవిరిలో నిలబడి చాలాసేపు తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వులోనే పొద్దుటి ఉపాయం మీద వెగటు పుట్టింది. ఆటపట్టించానని చెప్పనక్కర్లేదు. ముందే లేచిపోయానన్నా, తప్పయింది, ఇదిగో చూడు అని చొక్కా ఒళ్లో పెడితే చాలు. అన్న తిడతాడు. తిట్టాక, బంతి ఎవరిచ్చార్రా అని అడుగుతాడు. అన్న దగ్గర నిజం చెప్పాలని అనుకోగానే ప్రాణం తేలికపడింది. చొక్కాను నీళ్లలో వెయ్యకుండా మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో లాండ్రీ గుడ్డ బయటికి తీసుకుపోవడం అదే మొదలు.

అయిదున్నరకు అన్న ఇంటి మెట్ల దగ్గర నాలుగు జతల చెప్పులున్నాయి. తలుపు తెరిచే ఉంది. కిటికీలు కూడా తెరిచారు, అన్నకు చల్లగాలి పడదని తెలిసి కూడా. పక్కింటావిడ ఇతన్ని చూసి గోడవైపు జరిగింది. మంచం మీద అన్న నడుముదాకా దుప్పటితో, గడ్డం కింద గుడ్డ కట్టి ఉన్నాడు.

వదిన కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

"ఒంటిగంటన్నరకయ్యా. మీ ఇంటికి మనిషిని పంపితే తాళం ఉందన్నారు. లాండ్రీకి కబురు పెట్టాలని నాకు తట్టనే లేదు."

తమ్ముడు కవరు చేతిలో పట్టుకునే మంచం దగ్గరికి వచ్చాడు.

"ఒంటిగంటకి టైమెంతని అడిగారు. చెప్పాను. వాడికి భోజనం వేళ కదా, తలుపు తీసిపెట్టు అన్నారు. తీసే ఉంచాను. పొద్దున్నుంచీ నీ మాటే. ఓడితే ఓడారులేవే, వాడు వానలో చివరిదాకా కూచున్నాడు, నా తర్వాత వాడున్నాడు అని నాలుగుసార్లన్నారు. ఆ కవర్లో ఏంటి?"

"ఏం లేదు వదినా. ఉతకాల్సిన గుడ్డ."

మంచం పక్కన కూర్చుని అన్న చెయ్యి పట్టుకున్నాడు. కూర్చున్నంతసేపూ గేటు దగ్గర ఎడమకు తిరిగినట్టు, ఏమీ తెలియకుండానే వచ్చి గెలిచారని ఒక్క ముక్క అన్నట్టు ఊహించుకున్నాడు. ఒక్క ముక్క చాలేది. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే అందరూ అన్న పోయినందుకనుకుంటారు కదా అని సిగ్గేసింది.

చీకటి పడేలోగా మైదానం మనుషులు వచ్చారు. పోస్టుమాన్, దర్జీ కాళ్ల దగ్గర నిలబడ్డారు. ఎలక్ట్రీషియన్ కళ్లు తుడుచుకుని తల తిప్పేసరికి ఎదుటి గోడ మీద బోర్డు కనిపించింది. దగ్గరికి వెళ్లి చూశాడు.

"ఇదేంటి తమ్ముడూ, తప్పు పెట్టావే" అన్నాడు నెమ్మదిగా. బిస్కెట్ల డబ్బా తెరిచి, రెండు అంకె వెతికి తీసి, సున్నా మీద చెయ్యి వేశాడు.

తమ్ముడు లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ."

ఎలక్ట్రీషియన్ అతని మొహంలోకి చూశాడు. మంచం వైపు చూశాడు. ఇంకేమీ అడక్కుండా రెండు అంకెను డబ్బాలో వేసి మూత పెట్టాడు. అతని చెయ్యి తగిలి కదిలిన సున్నా రేకు మేకుకు కాసేపు అటూ ఇటూ ఊగి, మళ్లీ తన చోటికి వచ్చి నిలిచింది.