అట్టల అద్దె

అంచులు అరిగిపోయిన అట్టలకు టేపు అతికిస్తూ ఆమె నేల మీద కూర్చుంది. ఏడో నెల పొట్ట అడ్డం వచ్చి, పక్కనే ఉన్న కత్తెర కూడా అందడం లేదు. కుర్చీలో ఫోను చూసుకుంటున్న మొగుడు తల ఎత్తకుండానే అన్నాడు. "జీతం రానిది నాలుగు నెలలే కదా, ఎలాగోలా సర్దుకుందాంలే."

ఆ సర్దుకోవడం ఎలా ఉంటుందో పెళ్లయిన ఏడాదికే ఆమెకు బోధపడింది. ఆమె స్కానింగు వెనక్కి జరుగుతుంది, ఆమె పళ్లు తినడం మానేస్తుంది, ఆమె చెవులవి అమ్ముతారు. అతని బండి జోలికి, ఆదివారం స్నేహితుల జోలికి ఎవరూ పోరు. వంటింట్లోంచి అత్తగారు రోజూ అనే మాటే అన్నది, మేం కనలేదా, మాకెవరిచ్చారు కూర్చోబెట్టి జీతం అని. కాన్పంటే కాళ్లు చాపుకుని కూర్చోవడమని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆవిడ కూడా ముగ్గురిని కన్న మనిషే, మరి ఎప్పుడు కూర్చుందో ఏమో.

ఆమె యూనిఫారాలు కుట్టే షాపులో చొక్కాలకు గుడ్డ కోస్తుంది. ఆరేళ్లుగా కోత అంతా ఆమెదే అయినా 'మాస్టరు' అని పిలిపించుకునేది మాత్రం ఓనరు బావమరిది. ఆమె వట్టి 'అమ్మాయి'. సెలవు సంగతి ఎత్తినప్పుడు ఓనరు ఎంతో దయగా నవ్వాడు. "ఎన్నాళ్లయినా తీసుకో అమ్మాయ్, నేనేమన్నా రాక్షసుణ్ణా? జీతం అంటావా, రాని రోజుకి జీతం ఎక్కడన్నా ఉందా?" పక్క బల్ల దగ్గర కాజాలు కుట్టే ఆవిడ ఆ మాటకి సూది ఆపి, మళ్లీ తల వంచుకుంది. మొదటి కాన్పయిన ఇరవయ్యో రోజున, ఇంకా పచ్చిగా ఉన్న కుట్లతో పనిలోకి వచ్చిన మనిషి ఆవిడ.

డాక్టరు రెండు రోజులు పడుకోమంటే, ఊరికే ఎందుకు, బాగుచేసుకుందామని, గుడ్డ మీద పెట్టి గీసే కొలతల అట్టలున్న సంచి ఆమె ఇంటికి తెచ్చుకుంది. మూడో రోజు పొద్దున్నే ఓనరు ఫోను చేశాడు. గొంతులో దయ లేదు, ఏడుపొక్కటే తక్కువ. హాస్పిటల్ వాళ్లకు సోమవారం ఇవ్వాల్సిన అరవై చొక్కాలు మాస్టరు కోసేశాడట. అట్టలు లేవని ఒక పాత చొక్కా విప్పి, దాని చేయి గుడ్డ మీద పెట్టి గీశాడట. చూసేవాళ్లకు చొక్కా చేయి ఎటు తిప్పినా ఒకటే గానీ, ముందు వైపు వంపు లోతుగా ఉంటుంది, వెనక వైపు తక్కువ. ఒకసారి గీశాక బోర్లించి రెండోది గీయాలి. మాస్టరు బోర్లించలేదు. ఆ గుడ్డకి మెరుపు ఒక వైపే, కోశాక తిప్పి వాడుకోవడానికీ లేదు. నూట ఇరవై చేతులూ ఎడమవే.

ఆమెకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారుతుంటే గోడకి ఆనుకుని నవ్వింది. నొప్పులు మొదలయ్యాయేమోనని అత్తగారు పరిగెత్తుకొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది ఆమె. షాపుకి వెళ్లనిది తను ఒక్కతే కాదు, అట్టలు కూడా వెళ్లలేదు. అవి అక్కడ ఉంటే తను లేకపోయినా కోత సాగేది. అంటే ఇన్నాళ్లూ షాపులో తన పని రెండు చోట్ల ఉంది, తన చేతుల్లో ఒకటి, మేకుకి వేలాడే ఈ అట్టల్లో ఒకటి. జీతం ఒక్కదానికే. ఆ ఆలోచన రాగానే లోపల బిడ్డ కాలు ఝాడించింది.

సంచి బోర్లించి లెక్క చూసుకుంది. నూట పన్నెండు. చెప్పుల డబ్బాలు, పాత క్యాలెండర్లు, పక్కింటి ఫ్రిజ్ వచ్చిన పెట్టె, అన్నీ తను ఏరి తెచ్చుకున్నవే, ఒక్కటీ షాపుది కాదు. మొదట్లో షాపులో గీయబోతే ఓనరే కసిరాడు, ఇక్కడ టైము వేస్టు చెయ్యకు, ఇంటి దగ్గర గీసుకో అని. గీసుకుంది, అందరూ తిని లేచాక వంటింటి గచ్చు తుడిచి మరీ గీసుకుంది.

"అద్దా? అట్టలకా? ఉన్న పని ఊడగొట్టుకుంటావు" అన్నాడు మొగుడు. ఆమె అప్పటికే సంచి భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంది. బస్సు దిగాక నడవాల్సిన దూరం దాదాపు పరుగెత్తింది, షాపు మెట్ల దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకోవాల్సి వచ్చింది. భయం కాదది. బడి ఆఖరి గంట కొట్టేముందు ఉండే తొందర లాంటిది.

ముందు పని చూసింది. అరవై కుడి చేతులు కొత్తగా కోయించి, మిగిలిన ఎడమ చేతులు వచ్చే ఆర్డరుకి పక్కన పెట్టించింది. ఓనరు ఊపిరి పీల్చుకున్నాక అసలు మాట చెప్పింది.

"సార్, నాలుగు నెలలు నేను రాను. నా అట్టలు వస్తాయి. వాటితో కోసిన చొక్కా చొక్కాకీ అద్దె ఇవ్వండి."

"షాపు కోసం గీసినవి షాపువే కదమ్మా."

"ఇంటి దగ్గర గీసుకోమన్నది మీరే సార్."

బావమరిది ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు. ఓనరు బేరమాడాడు. తగ్గిస్తాడని తెలిసే ఆమె ఎక్కువ అడిగింది. చివరికి జీతంలో సగానికి పైనే వచ్చేట్టు కుదిరింది. నోటిమాట వద్దని కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుంది. ఆ కాగితం చేతిలో పడ్డాక ఆమెకు నేల మీద కాలు ఆనలేదు. స్కానింగు రేపే చేయించుకుంటుంది. చెవులవి చెవులకే ఉంటాయి. సెలవు మొదలయ్యే రోజున సంచి ఇస్తానని చెప్పి మెట్లు దిగింది.

కాజాలావిడ వెనకే వచ్చింది. అటూ ఇటూ చూసి, ముఖమంతా వెలిగిపోతుంటే చెవిలో చెప్పింది, తనకిప్పుడు మూడో నెలని, ఇంకా ఎవరికీ తెలియదని.

"చొక్కాకి ఇంత అని రాయించావుగా అక్కా. నేను లోపల్నుంచి అంతా విన్నా. మరి కాజాలకి ఏమని అడగాలి?"

కాజాకి అట్ట ఉండదు. ఉన్నవి సూది, కళ్లు, వేళ్లు, అంతే. ఆవిడ లేచి ఇంటికెళితే ఆ బల్ల దగ్గర ఆవిడది ఏదీ మిగలదు, అద్దెకి ఇవ్వడానికి. ఆవిడ మాత్రం ఆశగా, జవాబు ఇప్పుడే వచ్చేస్తుందన్నట్టు ఇటే చూస్తోంది.

కాగితం ఒకసారి చూసుకుంది. సంచి భుజం మీదకి సర్దుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్లీ మెట్లెక్కింది.

"సార్, ఈ కాగితం చాలదు. నా అట్టలు రావాలంటే ఇందులో ఇంకో పేరు కూడా రాయాలి."