గళ్ల కాగితం మీద అక్షరాలు

మునెమ్మ చెయ్యి కాలడం షెడ్డులో ముప్పై మంది చూశారు. పట్టునూలు ఉడికే గంగాళం ఒరిగి, మరిగే సబ్బునీళ్లు మోచేతి దాకా పడ్డాయి. షెడ్డు యజమాని రుద్రప్ప పరుగెత్తుకొచ్చి ముందు ఏం చూశాడనుకున్నారు? నేలమీద పడ్డ పట్టును! "ఇంటికి పో. బాగైతే చూద్దాం లే" అన్నాడు. ఆస్పత్రి మాటే ఎత్తలేదు.

అది నరసప్ప కూడా చూశాడు. చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు నరసప్ప. సొంతూరు ఆమడగూరు దిక్కు వరసగా వానలు మొహం చాటేస్తే బయలుదేరి, హిందూపురంలో బెల్లం మూటలు మోసి, పెనుకొండ దగ్గర రోడ్డుకు కంకర కొట్టి, పందొమ్మిదివందల అరవైలో ధర్మవరం చేరాడు. ఎక్కడికి పోయినా "ఏ ఊరప్పా నీది?" అనే అడిగేవారు. అందుకే పొట్లాల కాగితాలు కూడా విప్పి చదివేవాడు. చదువుతున్నంతసేపూ ఎవరూ ఊరు అడగరు గదా! రాసేవాడు కూడా. రాసినవన్నీ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. చదివే మనిషే లేకుంటే ఆ రాత ఎవరికోసమని కుమిలిపోయేవాడు.

ఈసారి మడవలేదు. పేరు పెట్టకుండా షెడ్డు తలుపుకే అంటించాడు: "మునెమ్మను ఆస్పత్రిలో చూపించాలి. ఆమె పని ఆమెకే ఉండాలి. అందాకా మగ్గాలు ఆగాలి."

ఎంత పొరపాటు చేశాడు, మహానుభావుడు! చేతి అలవాటు కొద్దీ డిజైను గీసే గళ్ల కాగితం మీదే, గడి గడీ నింపి, అక్షరాలన్నీ పలకలు పలకలుగా రాశాడు. గుండ్రని తెలుగుకు అలా మూలలు తీసేవాడు ఒక్కడేనని రుద్రప్ప నమ్మకం.

మర్నాడు పొద్దున్నే ఎస్సైని వెంటబెట్టుకొచ్చాడు.

"ఎవరు రాసిందో నాకు తెలుసు. అయినా అందరూ రాయండి, సారు కండ్ల ముందరే. వాన్ని ఈ పొద్దే ఊరు దాటిస్తా!"

నరసప్పకు ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. మళ్లీ మూటాముల్లె. ఇంకెన్ని ఊర్లురా దేవుడా!

ముందు నూలు చుట్టే ఓబులమ్మ కూర్చుంది. రుద్రప్ప నవ్వాడు. "నీకు రాసేది కూడా వస్తాదేమే?"

"ఎందుకు రాదయ్యా? రెండేండ్ల నుంచి, కూడు తినే గంటలో, నరసప్ప కాడ నేర్చుకుంటాండాము."

పెన్సిలు పట్టుకొని, పళ్లు బిగబట్టి రాసింది. పలకలే! మగ్గం నేసే నల్లప్ప రాశాడు. అవీ పలకలే. ఇంకో నేతగాడు పెద్దప్ప రాసినా అంతే. వీళ్లంతా దిద్దింది గళ్ల కాగితం మీదే మరి. ఇంకో రకంగా రాయడం వాళ్లకు చేతకాదు.

రుద్రప్ప మొహం మాడిపోయింది. "అంతా ఈ వలసొచ్చినోడి పని! యాడోడో వచ్చి మా ఊర్లో చిచ్చు పెడతాండాడు!"

మగ్గం గుంత గట్టుమీంచి నల్లప్ప లేచాడు. "మునెమ్మ చెయ్యి కాలింది నీ గంగాళంతో. ఎవరు రాస్తే ఏమి, మేమంతా చదివినాము. ఈ పొద్దు మగ్గం ఆడదు, పో!"

"అట్లయితే అందరినీ జీపెక్కిస్తా" అన్నాడు ఎస్సై, లాఠీ ఎత్తి.

నరసప్ప ఇక ఆగలేకపోయాడు. "నేనే రాసినా. వీళ్లను వదిలేయండి."

ఎస్సై అతని జబ్బ పట్టి స్టేషనుకు నడిపించాడు. వెనకనే ముప్పై మందీ నడిచారు. "ఏమైందబ్బా?" అంటూ పక్క షెడ్లవాళ్లూ మగ్గాలు దిగి కలిశారు. చేతికి గుడ్డ చుట్టుకొని మునెమ్మ వచ్చింది. ఆమెను చూసి నరసప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎస్సై పుస్తకం తీశాడు. "పేరు?"

"నరసప్ప."

"సొంతూరు?"

ఆమడగూరు అనబోయాడు నరసప్ప.

"ధర్మవరం అని రాయి సామీ!" కిటికీ బయట నుంచి మునెమ్మ అరిచింది. "దాని కిందనే మా పేర్లూ రాయి. తప్పు రాసినావంటే ఒప్పుకోము. మాకు చదువొచ్చు!"

నల్లప్ప అప్పటికే తన పేరు కేకేసి చెబుతున్నాడు. అతని వెనక ఓబులమ్మ, ఆమె వెనక పెద్దప్ప. స్టేషను మెట్లు దాటి బజారు దాకా మనుషులు నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు.