వదిలెయ్ అన్న మాట

బౌల్స్ ఆటను ముసలాళ్ల కాలక్షేపం అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకవైపుకు మొగ్గే బరువైన బంతిని పచ్చిక మీద దొర్లించి, ముప్పై గజాల అవతల ఉన్న చిన్న తెల్లబంతి పక్కన ఆపాలి. ఎవరి బంతి దగ్గరుంటే వాళ్లకే పాయింటు. ఇటునుంచి చూస్తే ఏది దగ్గరో తెలిసి చావదు. అందుకే జతలో ఒకరు తెల్లబంతి దగ్గర నిలబడి, ఏ దెబ్బ వెయ్యాలో చెబుతారు. మా జతలో చెప్పేది అన్నయ్య, వేసేది నేను.

బంతి పట్టుకుని నేను తటపటాయిస్తే "వదిలెయ్" అని అరిచేవాడు, చేతిలోంచి పోనివ్వమని. కిందటేడు ఫైనల్లో పాయింట్లు సమానం, మిగిలింది నా ఒక్క బంతి. అన్నయ్య "వదిలెయ్" అన్నాడు. అలవాటు కొద్దీ తెల్లబంతి మీదికే వదిలాను. అది వంపు తిరుగుతూ వెళ్లి, దగ్గరగా ఉన్న మా బంతినే పక్కకు నెట్టేసింది. ఓడిపోయాం. మనదే దగ్గరుంది, దీన్ని ఎటో పారేసి ఊరుకో అని అన్నయ్య ఉద్దేశమని అప్పుడు గాని తట్టలేదు. అన్నయ్య ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. తొమ్మిదో రోజు పొద్దున బూటు లేసు కట్టుకుంటూ ఒరిగిపోయాడు, మళ్లీ లేవలేదు.

అప్పటినుంచి ఏది పట్టుకున్నా ఆ మాటే. కప్పు పట్టుకుంటే, బస్సులో కడ్డీ పట్టుకుంటే, తలుపు గడియ మీద చెయ్యి వేస్తే, వెనకనుంచి "వదిలెయ్". రెండు కప్పులు పగిలాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చి ముదిరిందంటారు. పైగా ఆ ఓటమి బెంగతో అన్నయ్యను చంపింది నేనేనని లోపల గట్టి నమ్మకం.

ఈ ఏడు అన్నయ్య టోపీ పెట్టుకుని వదిన ఆ చోట నిలబడింది. నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది గానీ, ఆట అంచనా వెయ్యడంలో అన్నయ్యకు తీసిపోదు. మళ్లీ ఫైనల్, మళ్లీ పాయింట్లు సమానం, మళ్లీ నా ఆఖరి బంతి. వదిన పిడికిలి ఎత్తింది. అవతలివాళ్ల బంతి దగ్గరుంది, గట్టిగా కొట్టి చెదరగొట్టమని. చూశాను. చూస్తుండగానే ఆమె పక్కనుంచి "వదిలెయ్" అని వినిపించింది, అన్నయ్యదే గొంతు, అదే విసుగు. ఈసారైనా తప్పుగా అర్థం చేసుకోకూడదనుకున్నాను. బంతిని పచ్చిక అంచున ఉన్న కాలవలోకి పారేశాను. ఓడిపోయాం.

బెంచీ మీద కూర్చుని బంతులు తుడుస్తూ వదిన, ఏం పూనింది నీకు అని అడిగింది. మొదటిసారి నోరు విప్పి అంతా చెప్పేశాను. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఆ రోజు సాయంత్రం నిన్ను నానా మాటలూ అన్నాను. మీ అన్నయ్య నవ్వి, 'వదిలెయ్, నేనే సరిగ్గా చెప్పలేదు' అన్నారు. నేనే వదల్లేదు. నీకు చెప్పకుండా ఏడాది దాచుకున్నాను."

ఆమె మీద కోపం రావాలి నాకు. రాలేదు, ఆ గుడ్డ తీసుకుని మిగిలిన బంతులు నేను తుడిచాను. కాసేపటికి వదిన బంతులు సంచిలో సర్దుతూ, "ఇవాళ్టి బంతిని మాత్రం నేను వదలను. రేపు పొద్దున ఆరింటికి వచ్చి ఆ దెబ్బ వందసార్లు వెయ్యి" అంది.

ఇంటికొచ్చి గడియ పట్టుకున్నాను. అలాగే చాలాసేపు నిలబడ్డాను. వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది ఆలస్యంగా, అన్నయ్య పోయాడని ఏడ్చాను.