ఫ్యాన్ల హోరు

తమ్ముడు పోయి ఏడు నెలలైంది. అతని కంప్యూటర్ మాత్రం రోజూ మధ్యాహ్నం అతని గదిలో హోరెత్తుతూనే ఉంది. అమ్మ వెళ్లి మీట నొక్కుతుంది. చిప్పు ఎంత వేగాన్ని తట్టుకుంటుందో చూడడానికి అతను పెట్టి వదిలేసిన పరీక్ష ప్రోగ్రాం దానంతటదే మొదలై, ప్రాసెసర్‌ను మరిగిస్తుంది. ఫ్యాన్లు గొంతెత్తుతాయి. ఆ చప్పుడు వింటూ అమ్మ అతని మంచం మీద ఓ గంట నిద్రపోతుంది. ఆమెకు పట్టే నిద్ర అదొక్కటే.

అక్క కంప్యూటర్లు బాగుచేసే మనిషి. "కంపెనీ ఇచ్చిన వేగం చాలదట్రా నీకు? అంత వోల్టేజీ తోస్తే చిప్పు ఎన్నాళ్లు బతుకుతుంది?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా అతను వినలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు మరి. పైగా తన సెట్టింగులకు ఇంగ్లీషు అక్షరాల్లో 'అక్కకు చెప్పకు' అని పేరు పెట్టుకున్నాడు, వెధవ. అది చూసినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది, వెంటనే ఆగిపోతుంది. చెప్పొద్దన్నది ఎవరితో? ఆ గదిలో ఇంకెవరున్నారని?

ఈ నెలలో అది మొరాయించడం మొదలెట్టింది. మీట నొక్కితే లేస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ లేస్తుంది. అరిగిపోయిన చిప్పు అదే వేగంతో పరుగెత్తాలంటే ఇంకాస్త వోల్టేజీ పొయ్యాలి. అక్క రెండుసార్లు రవ్వంత పెంచింది. వేడి తొంభై ఎనిమిది డిగ్రీలకు చేరింది. ఇంకోసారి పెంచితే వారం కూడా నిలవదు. తగ్గిస్తే ఏళ్ల తరబడి బతుకుతుంది, కానీ ఫ్యాన్లు నోరెత్తవు.

ఆసుపత్రిలోనూ ఇదే లెక్క. తమ్ముడి రక్తపోటు నిలబెట్టే మందు రోజురోజుకూ పెంచుకుంటూ పోయారు. పదకొండో రోజు డాక్టరు బయటికొచ్చి, "ఇంకా పెంచమంటారా?" అని అడిగాడు. పక్క బెంచీ మీద కునుకు తీస్తున్న అమ్మను లేపకుండానే అక్క "చాలు" అంది. ఆ మాట అప్పటినుంచీ ఆమెను తినేస్తూనే ఉంది.

ఇవాళ అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు అక్క వేగాన్నీ వోల్టేజీనీ కంపెనీ అంకెలకు దించేసింది. పరీక్ష నడుస్తోంది. అరవై రెండు డిగ్రీలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు.

అమ్మ తడి జుట్టుతో గుమ్మంలో ఆగి, చాలాసేపు చెవొగ్గింది.

"తగ్గించావా?"

"అలాగే వదిలేస్తే చచ్చిపోతుందమ్మా."

"అప్పుడూ నన్ను లేపలేదు నువ్వు," అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "ఆ రోజు నేను నిద్రపోలేదే. డాక్టరు అడిగింది విన్నాను. నా నోటితో అనలేక కళ్లు మూసుకున్నాను. నీచేత అనిపించాను."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్లూ ఒక్కతే మోసిందనుకున్న బరువు తేలిక కాలేదు సరికదా, రెట్టింపైంది.

"మరి ఇప్పుడు చెప్పమ్మా. పెంచనా, వద్దా?"

అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, కళ్లు మూసుకుంది.