కుండ పక్కన నిలవని నీడ

కోరుట్లలో పాషా, దేవేందర్ కలిసి నడిపే పోత షెడ్డులో పొద్దున పని ఐలవ్వ చీపురుతోనే మొదలవుతుంది. ఆమె ఊడ్చి, ఇసుక జల్లించి పెడితే, కొడుకు అంజి అచ్చులు కడతాడు. పాత అల్యూమినియం సామాను కరిగించి సిరిసిల్లలో బట్టలు నేసే సాంచెలకు గిలకలు, బ్రాకెట్లు పోస్తారు. కరిగిన లోహమున్న కుండను ఇనుప చట్రంలో పెట్టి యజమానులిద్దరూ చెరో పక్క పట్టి ఎత్తుతారు. అంజి అచ్చు దగ్గర గొంతుక్కూర్చుని, కుండ మూతి మీది తెట్టును చువ్వతో ఆపుతాడు. కుండకేమైనా అయితే ముందు పోయేవి అతని కాళ్లే.

ఐలవ్వ నీడ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. చెడిపోబోయే పాత్ర పక్కన అది నిలవదు. మనిషిని అక్కడే వదిలేసి గుమ్మం దాకా పోయి నిలబడుతుంది. ఎండాకాలం మంచినీళ్ల రంజన్లు కొనేవాళ్లు ఆమెను వెంట తీసుకుపోతారు. ముత్యంపేటలో పసుపు ఉడకబెట్టే కడాయిలకూ పిలిపించుకుంటారు. కొందరికి హస్తవాసి ఉన్నట్టు ఆమెకు నీడ ఉంది, అంతే.

పాత ఇనుప కుండ అడుగు పల్చబడింది. పోసిన గిలకలు విరుగుతున్నాయని సిరిసిల్ల నుంచి సరుకు కొనే నర్సింగం సేటు సగం సరుకు వాపసు పంపాడు. ఇంకోసారి ఇట్లాగైతే వేరే చోట చూసుకుంటానన్నాడు.

"ఇనుమును అల్యూమినియం తింటది, దేవేందర్," అన్నాడు పాషా. "సుద్ద పూత ఎంత పూసినా ఏడనో ఓ కాడ లేస్తది. తిన్న ఇనుమంత పోతల కలుస్తది. గందుకే గిలకలు పటుక్కున ఇరుగుతున్నయ్. గ్రాఫైట్ కుండ తెద్దాం."

"గ్రాఫైట్ చెమ్మ గుంజుతది. మెల్లగ కాచకుంటె పగుల్తది, పట్కారు తగిలినా పగుల్తది. ఇనుముకు గా బాధ లేదు."

ఇద్దరి మాటా నిజమే. కానీ పాషా ఈమధ్య ఫోన్ మోగగానే బయటికి పోయి మాట్లాడుతున్నాడు. గ్రాఫైట్ అమ్మేవాడితో లోపాయికారీ ఏదో ఉందని దేవేందర్ అనుమానం. ఇనుప కుండలు వెల్డింగ్ చేసేది దేవేందర్ బావమరిది. తుక్కు రేకు అతికిస్తాడని పాషా అనుమానం. ఒకే ఫ్లాస్కులో టీ తాగుతారు గానీ, ఎదుటివాడు మొదటి గుక్క తాగేదాకా గ్లాసు ముట్టరు.

రెండు కుండలూ తెప్పించి ఐలవ్వ నీడకు చూపిద్దామనుకున్నారు. ఆమెకు పాషా భార్య హఫీజా బేగం రంజాన్‌కు చీర పెట్టింది కదా అని దేవేందర్‌కు గుర్తొచ్చింది. ఐలవ్వ దేవేందర్ ఊరిదే కదా అని పాషాకు గుర్తొచ్చింది. అందుకని ఆమెకు ఏది ఏదో తెలియకుండా రెండింటి మీదా గోనె సంచులు కప్పారు.

"నా కొడుకు గా కుండ కింద కూసుంటడు," అంది ఐలవ్వ. "నేనేమన్న ఆటలాడుతున్ననా?"

నీడ రెండింటి దగ్గరా నిమ్మళంగా నిలబడింది. రెండూ గట్టివే. విరిగిన గిలకలను తలుచుకుని దేవేందర్ గ్రాఫైట్‌కు సరేనన్నాడు, ముఖం మాత్రం ముడుచుకునే ఉంది. కుండను సన్నసెగ మీద మెల్లగా కాచారు. లోహం కరిగించే ముందు, బరువు చూసుకోవడానికి పొడి ఇసుక నింపి ఇద్దరూ ఎత్తారు, అంజి ఎప్పటిలాగే అచ్చు దగ్గర కూర్చున్నాడు.

నీడ లేచి గుమ్మం దగ్గరికి పోయింది.

దించారు. వెనక్కి వచ్చింది. ఎత్తారు. పోయింది. ఇనుప కుండతోనూ అంతే.

"కుండలు మంచియే," అంది ఐలవ్వ. "మీ ఇద్దరి చేతులు పడితెనే అది పోతున్నది. మీరు కుండను చూస్తలేరు, ఒగలి మొకం ఒగలు చూస్తున్నరు. అంజీ, ఆడినుంచి లే."

అంజి లేచి పక్కకు జరిగాడు.

"సిరిసిల్లల షెడ్డొకటి చూసిన," అన్నాడు పాషా చివరికి. "ఫోన్లు దాని గురించే. నువ్వు నన్ను ఎల్లగొడ్తవనుకున్న."

"నర్సింగం సేటుకు నేనే చెప్పిన," అన్నాడు దేవేందర్ నేల చూస్తూ. "ఇగ పాషాతోని మాట్లాడద్దు, అన్నీ నాతోనే అని."

నిజాలు బయటపడ్డాయి గానీ నీడ గుమ్మం దగ్గరే ఉంది. దేవేందర్ అది చూశాడు. తన వైపు పిడి అంజి చేతిలో పెట్టాడు. చువ్వ తీసుకుని, అంజి కూర్చునే చోట, పాషా ఎత్తబోయే కుండ కిందే గొంతుక్కూర్చున్నాడు.

"ఇగ లోహం పొయ్, పాషా భాయ్. తెట్టు నేను చూస్త."

లోహం కరిగింది. పాషా, అంజి ఎత్తారు. కింద దేవేందర్ కాళ్లు కనబడగానే పాషాకు చెమటలు పట్టాయి. దేవేందర్ మొహం వదిలేసి కుండ మూతినే చూస్తూ అడుగులు వేశాడు. ఐలవ్వ నీడ గుమ్మం వదిలి, ఇసుక మీదుగా వచ్చి కుండ పక్కన నిలబడింది. తెల్లటి ధార అచ్చులోకి దిగింది. ఒక్క చుక్క బయట పడలేదు.

ఆ రోజు నుంచి పిడి పట్టేది అంజి, అచ్చు దగ్గర కూర్చునేది దేవేందర్.

అచ్చులు చల్లారుతుండగా పాషా ఫోన్ మోగింది. అతను బయటికి పోలేదు. రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు.

"ఎవలు?" అన్నాడు దేవేందర్.

"సిరిసిల్ల షెడ్డాయన."

"ఏమన్నవ్?"

"వద్దన్న."

దేవేందర్ ముందు ఐలవ్వ నీడ ఎక్కడుందో చూసుకున్నాడు. అది కుండ పక్కనే ఉంది. అప్పుడు ఫ్లాస్కు తీసి టీ పోసుకుని, మొదటి గుక్క తనే తాగాడు.