దమ్ము అందని బండి

ఎంకయ్య జీపు బండి ఆ వారంలో మూడోసారి నారాయణగూడ ఫ్లైఓవర్ మొదట్లోనే మొరాయించింది. ఆగిపోయిందా అంటే అదీ లేదు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఆక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టినా బండి మాత్రం ముసలి ఎద్దులా ఒక్కో అడుగే వేస్తోంది, వెనక నల్లటి పొగ. ఆ పొగ వెనక కొక్కేనికి తగిలించిన మిల్లరు, అదే స్లాబుకు సిమెంటూ కంకరా కలిపే యంత్రం, ఏనుగంత బరువు. స్కూటరు మీద ఒకాయన పక్కకొచ్చి నోటికొచ్చిన తిట్టు తిట్టి మరీ పోయాడు. ఎంకయ్యకు కోపం రాలేదు. కోపం రావాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా!

అశోక్‌నగర్‌లో గోవర్ధన్ గారి ఇంటి రెండో అంతస్తు స్లాబు ఈ బండి కోసమే రెండుసార్లు వాయిదా పడింది. ఇవాళ పదకొండు లోపల మిల్లరు రాకపోతే ఇంకొకరి మిల్లరు తెప్పిస్తానని మేస్త్రీ ఎల్లేశం ముందే తేల్చి చెప్పాడు. ఒకసారి ఇంకొకరి మిల్లరు వచ్చిందంటే ఇక ఎంకయ్యను పిలిచేవాడు ఉండడు. అందుకే ఎంకయ్య కూడా ఒకటి తేల్చుకున్నాడు. ఇవాళ చూపించే మెకానిక్కే ఆఖరు. అతను కూడా పెదవి విరిస్తే బండిని వచ్చినకాడికి వదిలించుకుని, భార్య నర్సింహమ్మా తనూ మళ్లీ అడ్డా మీద నిలబడటమే. పాలమూరు నుంచి వచ్చాక పద్నాలుగేళ్లు పొద్దున్నే ఆ రోడ్డు మూల మీద కూలికి నిలబడ్డారు. వచ్చినవాడు సంతలో గొడ్డును చూసినట్టు జబ్బలు చూసి తీసుకుపోయేవాడు. యాభై మూడేళ్లకు ఈ జబ్బల్ని ఎవడు చూస్తాడు?

అప్పటికి ముగ్గురు మెకానిక్కులు అయ్యారు. ముగ్గురిదీ ఒకటే తీరు. మిల్లరు విప్పించడం, ఒట్టి బండిని వీధి చివరిదాకా తోలడం, బ్రహ్మాండంగా ఉందనడం. ఒకడు డీజిల్ ఫిల్టరు మార్చాడు, ఇంకొకడు ఇంజెక్టర్లు కడిగాడు. మూడోవాడు బానెట్ తీసి, చేతులు జోడించి, మళ్లీ మూసేసి, ఇంజన్ పని అయిపోయిందన్నాడు. బండికి దమ్ము లేదని చెప్పీ చెప్పీ ఎంకయ్య నోరు నొప్పి పుట్టింది.

చిక్కడపల్లి సందులో కరుణాకర్ షెడ్డు ముందు ఆపి, అలవాటుగా మిల్లరు విప్పబోయాడు. కరుణాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"విప్పకన్నా. జరమొచ్చినోణ్ణి జరం తగ్గినంక జూస్తే డాక్టరుకేం తెలుస్తది?"

మిల్లరుతోనే సందు దాటించి, తను పక్క సీట్లో కూర్చుని, తల బయటపెట్టి పొగను చూశాడు. నల్లపొగంటే డీజిల్ బాగానే పోతున్నట్టు, దానికి తగ్గ గాలే పోవడం లేదన్నాడు. తిరిగొచ్చి బానెట్ ఎత్తగానే అతనూ టక్కున చేతులు జోడించాడు. రేడియేటర్ పక్కన, గాలి లోపలికి పీల్చే గొట్టం మూతికి పసుపంచు ఎర్రగుడ్డ కట్టి ఉంది.

ఏ అమ్మవారిదని అడిగితే ఎంకయ్య తెల్లమొహం వేశాడు. నెల కిందట రేడియేటర్‌లో నీళ్లు పోస్తూ నర్సింహమ్మే కట్టింది, మైసమ్మకు మొక్కుకుందేమో అనుకున్నాడు, అడగలేదు. మొక్కు గుడ్డ మీద చెయ్యి వేసే ధైర్యం మెకానిక్కులకూ లేకపోయింది. కరుణాకర్ మాత్రం దేవుడి మీద భారం వేసి వేలితో తట్టాడు. గుడ్డ టకటకమంది. సిమెంటు పట్టి గట్టిపడిపోయింది. "ఫోన్ జెయ్యన్నా వదినకు" అన్నాడు.

అశోక్‌నగర్‌లో కూలీలతో ఎదురుచూస్తున్న నర్సింహమ్మ ఫోనెత్తి, మొక్కేంది మైసమ్మేందని ఎదురు అడిగింది. సిమెంటు దుమ్మంతా బండి నోట్లోకే పోతుంటే చూడలేక, తన పాత చీర చింపి కట్టిందట.

కరుణాకర్ నవ్వాడు నవ్వాడు, కళ్లు తుడుచుకుని గుడ్డను బ్లేడుతో కోసి పారేశాడు. ఫిల్టరు దులిపి బిగిస్తూ, ఒట్టి బండికి కొంచెం గాలి చాలు, బరువు గుంజేటప్పుడే గుండెనిండా కావాలని విడమరిచాడు.

"నీ బండికి దమ్ము లేక కాదన్నా. ఉన్న దమ్ము అందుతలేదు, గంతే."

బండి మిల్లరుతో సహా చకచకా కదిలింది. ఎంకయ్యకు సంతోషం కంటే ముందు నీరసం వచ్చింది. ముగ్గురు మెకానిక్కులు, రెండు వాయిదాలు, వారం నిద్ర, అంతా ఒక చీర పేలికకు! వెళ్లగానే నర్సింహమ్మను దులిపెయ్యాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు.

పదకొండుకు ఇంకా పావుగంట ఉంది. నర్సింహమ్మ ముక్కుకూ మూతికీ కొంగు ముక్క కట్టుకుని సిమెంటు బస్తాల దగ్గర నిలబడి ఉంది. గబగబా వచ్చి తనే బానెట్ ఎత్తించి చూసి, మొహానికున్న గుడ్డ విప్పి మళ్లీ ఆ గొట్టానికి కట్టబోయింది. కూర్చుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి ఎంకయ్యకు.

"కట్టకే తల్లీ. దానికి దమ్ము అందక గదా చచ్చింది ఇన్నొద్దులు."

ఆమె చెయ్యి ఆపి, చింతపండు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"నాకు గూడ అందుతలేదు, దసరా సంది. రెండు మెట్లెక్కితే ఆయాసం. నువ్వు బండిని నలుగురికి జూపిస్తివి."

ఎంకయ్య ఆమె మొహంలోకి చూశాడు. గుడ్డ కట్టుకున్నా పెదవుల మీద, కనురెప్పల మీద సిమెంటు బూడిదలా పేరుకుని ఉంది. ఎల్లేశం పైనుంచి మిల్లరు తిప్పమని కేకేశాడు. స్లాబు మొదలైతే మధ్యలో ఆపకూడదు, చీలిక పడుతుంది. నువ్వు పోయి నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చో, రేపు దవాఖానకు పోదాం అన్నాడు ఎంకయ్య. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే ఒక మనిషి తక్కువవుతుంది, పని ఆగుతుంది. అది ఇద్దరికీ తెలుసు. ఆయన బస్తా ఒక మూల పట్టుకున్నాడు, ఆమె ఇంకో మూల పట్టుకుంది. మెల్లగా ఎత్తారు.